కట్టినాయన తలలో ఉన్న బిల్డింగ్

కుటుంబానికి సొంత కమర్షియల్ కాంప్లెక్స్ ఉందంటే, దాని గురించి తెలియాల్సినదంతా చాలా ఇళ్లలో ఒక్క మనిషికే తెలిసి ఉంటుంది. కింది మడిగ వాళ్ల అడ్వాన్స్ ఎంత, రెండో అంతస్తు ఆడిటర్‌కి ఏ మాట ఇచ్చారు, సంప్ మోటార్ ఎన్నింటికి వేయాలి, లిఫ్ట్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, పక్క స్థలం వాళ్లతో గోడ తగాదా ఎంతవరకు వచ్చి ఆగింది, అన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. ఆయన తిరుగుతున్నన్నాళ్లూ ఇది లోపంగా కనబడదు. పైగా గర్వంగా చెప్పుకుంటాం, "మా నాన్నకి బిల్డింగ్‌లో ప్రతి ఇటుకా తెలుసు" అని. ఆ మాట నిజమే. అందుకే ఆయన మంచాన పడ్డ రోజున బిల్డింగ్ కూడా మంచాన పడుతుంది.

ఈ అధ్యాయంలో నేను మీతో చేయించదలచుకున్న పని ఒకటే. ఆ పెద్దాయన కూర్చుని మాట్లాడగలిగిన రోజుల్లోనే ఆయన తలలో ఉన్న బిల్డింగ్‌ని కాగితం మీదకి దించండి. అద్దెల పెంపు, మరమ్మతులు, అన్నదమ్ముల వాటాలు, పన్నులు, అగ్నిప్రమాదం రాకుండా చూసుకోవడం, ఇవన్నీ ఆ కాగితం మీదే నిలబడతాయి.

ఎలా పుట్టిందో రాయండి

మా విజయవాడనే తీసుకుంటే గవర్నర్‌పేట, గాంధీనగర్, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు వెంట ఉన్న మూడు నాలుగంతస్తుల పాత కాంప్లెక్సుల్లో చాలావాటి పునాదిలో పొలం డబ్బు ఉంది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక డెల్టాలో సాగునీటికి భరోసా పెరిగింది. తర్వాత కొత్త వరి వంగడాలు వచ్చాయి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. 1973 భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చాక పొలం మీద పొలం కొనడానికి జనం వెనకాడారు. ఆ మిగులు టౌనుకు నడిచింది. సినిమా హాలో, లారీయో, లాడ్జో, కాదంటే కింద మడిగలూ పైన ఆఫీసు గదులూ ఉన్న బిల్డింగో అయింది.

అలాంటి బిల్డింగ్‌లో ఎవరెవరు ఉండి వెళ్లారో వరసగా రాస్తే ఊరి ఆర్థిక చరిత్ర బయటపడుతుంది. మొదట బట్టల కొట్టు, మందుల షాపు, పైన ప్లీడరు గారి ఆఫీసు, చిట్‌ఫండ్ కంపెనీ. తొంభైల్లో మెట్ల కింద ఎస్‌టీడీ బూత్, మూడో అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. ఆ తర్వాత ఏటీఎం, టెర్రస్ మీద సెల్ టవర్. ఇప్పుడు కోచింగ్ సెంటర్, డయాగ్నస్టిక్ సెంటర్. చదవడానికి సరదాగా ఉంటుంది గానీ, నేను రాయమంటున్నది అందుకు కాదు. వెళ్లిన ప్రతి అద్దెదారూ బిల్డింగ్‌లో ఏదో మార్చి వెళ్లాడు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండు గదుల మధ్య గోడ కొట్టించారు. బ్యాంకు వాళ్లు స్ట్రాంగ్ రూమ్ కోసం మందపాటి గోడలు లేపారు. స్కానింగ్ సెంటర్ వాళ్లు బరువైన మెషిన్ దించారు. సెల్ టవర్ కాళ్లు స్లాబ్‌లోకి దిగాయి. పాతికేళ్ల తర్వాత ఓ మూల బీట వస్తే ఇంజనీర్ మొట్టమొదట అడిగేది, "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?" అనే. దానికి జవాబు చెప్పగలిగిన కుటుంబానికి వేలల్లో తేలే పని, చెప్పలేని కుటుంబానికి లక్షల్లోకి పోతుంది.

మా నాన్నగారి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. అద్దె లెక్కల మధ్యలో ఎక్కడో ఒక పక్కన, పెన్సిల్‌తో, "షాఫ్ట్‌లో ఎడమ వాల్వ్ కడితే రెండో అంతస్తు, కుడిది కడితే మూడు, నాలుగు. మధ్యది ముట్టుకోవద్దు" అని రాసి ఉంది. మధ్యది ఎందుకు ముట్టుకోకూడదో రాయలేదు. ఆయన్ని అడిగాను. పాత ఇనప పైపు దగ్గర జాయింటు బలహీనంగా ఉందని, తిప్పితే ఊడి కింది మందుల షాపు మీద పడుతుందని చెప్పారు. ఆ జాయింటు మార్పించాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే కొత్త ప్లంబర్ ఎవరో దాన్నే ముందు తిప్పేవాడు.

మీరు చేయాల్సింది ఇదే. పెద్దాయన పక్కన కూర్చోండి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి, సెల్లార్ నుంచి వాటర్ ట్యాంకు దాకా ఒక్కో మెట్టూ ఎక్కుతూ మాట్లాడించండి. మెట్లెక్కలేకపోతే వీడియో చూపించి మాట్లాడించండి. కాంక్రీటులో దాగిపోయిన వైరు లైన్లు, డ్రైనేజీ ఎటు నుంచి ఎటు పోతుందో, సంప్ లోతెంతో, స్లాబ్ ఏ ఏడాది పోశారో, ఏ మేస్త్రీ పోశాడో అడగండి. వాచ్‌మన్‌నీ కూర్చోబెట్టుకోండి. చాలా బిల్డింగుల్లో యజమానికన్నా వాచ్‌మన్‌కే ఎక్కువ తెలుసు, ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు.

బీరువా తెరవండి

కొన్న దస్తావేజు ఒక్కటే చాలదు. దానికి ముందటి లింకు డాక్యుమెంట్లు కావాలి, మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాన్ కావాలి, అదనంగా వేసిన అంతస్తు ఏదైనా ఉండి దాన్ని 2007 చివర్లో వచ్చిన బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము (బీపీఎస్) కింద క్రమబద్ధం చేయించుకుని ఉంటే ఆ ఉత్తర్వు కావాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందు కొన్న స్థలమైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఆ పనికి ఓపిక కావాలి, అందుకే అమ్మకమో బ్యాంకు లోనో నెత్తి మీదకొచ్చే దాకా ఆగకుండా ఇప్పుడే చేయించమంటున్నాను.

కరెంటు సర్వీసులు ఎవరి పేరు మీద ఉన్నాయో ఒక్కొక్కటీ చూడండి. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరు మీద ఇంకా బిల్లులు వస్తున్న మీటర్లు పాత కాంప్లెక్సుల్లో మామూలే. ఆస్తి పన్ను అసెస్‌మెంట్ తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఇళ్లూ ఉన్నాయి. పన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదు, మారనంత మాత్రాన పోదు. కానీ ప్రతి లావాదేవీలో ఆ పేరు అడ్డం పడుతుంది. అన్నట్టు, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ దొరుకుతుంది. ఉమ్మడి బిల్డింగుల్లో ఎవరు కట్టాలో తేల్చుకోలేక ఆ రాయితీ పోగొట్టుకుని, తర్వాత వడ్డీ కూడా కట్టేవాళ్లు ఉన్నారు.

"పెద్దాయన మాట ఇచ్చారు బాబూ"

పగ్గాలు చేతులు మారిన తొలి నెలలోనే ఈ మాట వింటారు. ముప్పయ్యేళ్లుగా ఉన్న కొట్టు యజమాని కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, మెల్లగా అంటాడు. "పెద్దాయన ఉన్నప్పుడు మూడేళ్లకోసారి వెయ్యి రూపాయలు పెంచుకుందామన్నారు బాబూ. ఇప్పుడు మీరొచ్చి శాతాలంటే ఎలా చెప్పండి?" ఆయన అబద్ధం చెబుతున్నాడనుకోనక్కర్లేదు. ఆ మాట నిజంగా ఇచ్చి ఉండొచ్చు. దాని లెక్క మాత్రం చూడండి. పది వేల అద్దె మూడేళ్లకోసారి వెయ్యి పెరిగితే పదిహేనేళ్లకు 15,000 అవుతుంది. అదే మూడేళ్లకోసారి 15 శాతం పెరిగితే 20,114 అవుతుంది. ఆ తేడాయే మీ లిఫ్ట్, మీ వాటర్‌ప్రూఫింగ్.

వాదనకు దిగేముందు ఒక పని చేయండి. ప్రతి అద్దెదారునీ విడివిడిగా కలిసి, వాళ్ల మాటల్లోనే ఒక కాగితం రాయించుకోండి. ఎప్పటి నుంచి ఉన్నారు, ఇప్పుడిస్తున్న అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఎవరి చేతికిచ్చారు, పెంపు మీద అనుకున్నదేమిటి, లోపల తాము చేయించుకున్న పనులేమిటి. కింద తేదీ, సంతకం. ఎవరినీ ఖాళీ చేయించడానికి కాదని ముందే చెప్పండి, అలాగే నిలబడండి. పదిమందిలో ఎనిమిది మంది సంతోషంగా రాసిస్తారు, ఎందుకంటే తమ అడ్వాన్స్ సంగతి కొత్త తరానికి తెలుసో లేదో అన్న భయం వాళ్లకూ ఉంటుంది. రాయనన్న ఇద్దరి విషయంలో లాయర్‌ని కలవాలని అక్కడే అర్థమవుతుంది.

అడ్వాన్సుల మొత్తాన్ని కూడితే గుండె ఝల్లుమంటుంది. ఆ డబ్బు బ్యాంకులో ఉండదు. అప్పట్లో మూడో అంతస్తు స్లాబ్‌లోకో, ఇంట్లో పెళ్లిలోకో పోయి ఉంటుంది. వారసులు దాన్ని ఆస్తి లెక్కలో కలపకూడదు, అది బిల్డింగ్ మీదున్న అప్పు. పంపకాల లెక్క వేసేటప్పుడు ముందు దాన్ని తీసేయాలి.

ఇక అగ్రిమెంట్లు. మన దగ్గర పదకొండు నెలల కాగితం అలవాటైపోవడానికి కారణం ఉంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని చట్టం. రిజిస్టర్ చేయించకుండా ఐదేళ్లకని రాసుకున్న కాగితం కోర్టులో ఐదేళ్ల లీజుగా నిలబడదు, నెలవారీ అద్దె కిందకే వస్తుంది. నెలవారీ అద్దె వ్యవహారాన్ని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. కానీ తక్కువ అద్దెల్లో ఉన్న పాత మడిగలకు అద్దె నియంత్రణ చట్టం రక్షణ వర్తించవచ్చు, అప్పుడు దారి వేరు. మంచి అద్దెదారుతో మూడేళ్లో ఐదేళ్లో ఉండాలనుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడకండి. బ్యాంకులూ పెద్ద కంపెనీలూ ఆ కాగితం లేనిదే లోపలికి రావు.

పన్నుల గురించి క్లుప్తంగా చెబుతాను, మిగతాది మీ ఆడిటర్ చూసుకుంటారు. కమర్షియల్ అద్దె మీద జీఎస్టీ 18 శాతం. మీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మీకు రిజిస్ట్రేషన్ లేకుండా అద్దెదారుకి ఉంటే, 2024 అక్టోబర్ 10 నుంచి ఆ పన్ను అద్దెదారే నేరుగా కట్టాల్సి వస్తోంది, కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. పెద్ద అద్దెలిచ్చేవాళ్లు పట్టుకునే 10 శాతం టీడీఎస్ ఎవరి పాన్ మీద పడుతోందో చూడండి. నలుగురి బిల్డింగ్‌కి ఒకరి పాన్ మీదే అంతా పడితే ఏడాది చివర అన్నదమ్ముల మధ్య లెక్క తెగదు. వాటాలు ఫలానా ఇంత అని తేలి ఉంటే ఎవరి వాటా అద్దె వారి ఆదాయంగానే లెక్కకొస్తుంది.

నాయనమ్మ వాటా

విల్లు రాయకుండా పోయినాయన బిల్డింగ్ ఎవరిదని అడిగితే చాలామంది "అమ్మది, మా అన్నదమ్ములది" అంటారు. అక్కచెల్లెళ్ల పేరు రాదు, నాయనమ్మ పేరు అసలు రాదు. తండ్రి స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం నాటి నుంచే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటాలు. కూతురికి పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. పిత్రార్జితంలో హక్కు మాత్రం తర్వాత వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ పెళ్లికాని ఆడపిల్లలకు ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది.

ఒక లెక్క చూద్దాం. తండ్రి పోయేనాటికి నాయనమ్మ, అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి. తలా ఐదో వంతు. రెండేళ్లకు నాయనమ్మ కూడా విల్లు లేకుండా పోయింది. ఆమె ఐదో వంతు ఆమె సంతానానికి వెళుతుంది. బాబాయికి ఒక పాలు, మేనత్తకు ఒక పాలు, పోయిన మీ నాన్న పాలు మీ ముగ్గురికీ కలిపి. అంటే మీ నాన్న ఒక్కడి కష్టంతో లేచిన బిల్డింగ్‌లో బాబాయికి పదిహేనో వంతు, మేనత్తకు పదిహేనో వంతు హక్కు పుట్టింది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, ఎన్నడూ అడగకపోవచ్చు. కానీ బ్యాంకు లోనుకో అమ్మకానికో వెళ్లినప్పుడు వాళ్ల సంతకాలు కావాలి. వాళ్లు పోయాక వాళ్ల పిల్లలవి కావాలి. ఇంతటినీ కట్టినాయన రాసే రెండు పేజీల విల్లు ఆపగలదు. విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నా సలహా. విల్లు గురించి తండ్రిని అడగడానికి మనకు నోరు రాదు, చావు గుర్తుచేసినట్టు ఉంటుందని. బిల్డింగ్ చరిత్ర రాయించడానికి కూర్చున్నప్పుడు ఆ మాట సహజంగానే వస్తుంది, చాలాసార్లు ఆయనే ఎత్తుతాడు.

పంపకం దగ్గర అందరికీ తోచే పరిష్కారం "ఒక్కో ఫ్లోర్ ఒక్కొక్కరు తీసుకుందాం" అన్నది. నేను దీన్ని గట్టిగా వద్దంటాను. రోడ్డు మీదికి షట్టర్లున్న కింది అంతస్తు అద్దె పై అంతస్తుకి రాదు. పై అంతస్తు వాడికి స్లాబ్ కారడం, ట్యాంకు పొంగడం మిగులుతాయి. మెట్లు, లిఫ్ట్, సెల్లార్, టెర్రస్ ఎవరివీ కావు కాబట్టి ఎవరూ బాగుచేయరు. కింది వాడు "నాకు లిఫ్ట్‌తో పనేమిటి" అంటాడు, అది న్యాయంగానే వినిపిస్తుంది. పదేళ్లలో లిఫ్ట్ ఆగిపోతుంది, పై ఆఫీసులు ఖాళీ అవుతాయి, మెట్ల మీద మూటలు పేరుకుంటాయి, కింది కొట్ల బేరమూ పడిపోతుంది. బిల్డింగ్‌ని ఒక్కటిగానే ఉంచి, అద్దె మొత్తాన్ని ఒక ఖాతాలోకి రప్పించి, వాటాల ప్రకారం మిగులు పంచుకోవడం మేలు. విడిపోవాలనుకున్నవాళ్లకు బయటికి దారి కూడా ముందే రాసిపెట్టుకోండి. ధర ఎలా కట్టాలి, ఎన్ని నెలల్లో ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. వారసుల్లో ఒకరు అమ్మదలిస్తే కొనే హక్కులో తోటి వారసులకు ప్రాధాన్యం ఉందని వారసత్వ చట్టమే చెబుతోంది. తేలకపోతే 1893 నాటి పంపకాల చట్టం కింద కోర్టు బిల్డింగ్‌ని మొత్తంగా అమ్మించగలదు. ఆ అమ్మకం ఎవరికీ లాభం కాదు.

అద్దెలు పడే ఆ ఉమ్మడి ఖాతాలోంచి మొదటి వాటా బిల్డింగ్‌కే తీయండి, ఇంట్లో అందరికన్నా పెద్ద ముత్తయిదువకు ముందు తాంబూలం ఇచ్చినట్టు. ఆదాయపు పన్ను చట్టం అద్దె ఆదాయంలో 30 శాతాన్ని, ఖర్చు చేశారా లేదా అని అడక్కుండానే, మినహాయిస్తుంది. ఆ మినహాయింపు తీసుకుంటూనే బిల్డింగ్ మీద రూపాయి పెట్టని కుటుంబాలను చూసి నాకు బాధేస్తుంది. కనీసం అద్దెలో పదో వంతు విడిగా, ఎవరూ ముట్టుకోని ఖాతాలో పడాలి. బిల్డింగ్ ముప్పయ్యేళ్లు దాటితే అదీ చాలదు. కమ్మీ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. సీలింగ్‌లో పెచ్చులు ఊడటం దాని మొదటి కబురు. పైన సిమెంటు మెత్తి సున్నం కొట్టించకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

మెట్లు

2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 మార్చి 16న, అదే ఊళ్లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. పై అంతస్తు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్న యువతీయువకులు వాళ్లు, పొగకు ఊపిరాడక పోయారు. అద్దె పుస్తకంలో మనం రాసుకునే ప్రతి అంకె వెనకా అలాంటి పిల్లలు ఉంటారు. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి, మన బిల్డింగ్‌లో ఎనిమిది గంటలు కూర్చుంటారు. వాళ్లకు మెట్లు ఎటున్నాయో లిఫ్ట్ ఆగినప్పుడు గానీ తెలియదు.

అందుకని ఈ సాయంత్రమే ఒకసారి మీ బిల్డింగ్ మెట్లు ఎక్కండి. ఏ మలుపులో అట్టపెట్టెలున్నాయి, ఎవరు చెప్పుల స్టాండు పెట్టారు, ఎవరు బయటి ఏసీ యూనిట్ బిగించారు, టెర్రస్ తలుపుకి ఎవరు తాళం వేశారు, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉంది, చూడండి. అడ్డం తీయించండి, మొహమాటపడకండి. ప్లాన్‌లో పార్కింగ్ అని ఉన్న సెల్లార్‌ని గోడౌన్‌కి అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె వదులుకోండి. ఫ్యాన్లూ ట్యూబ్‌లైట్లూ దృష్టిలో పెట్టుకుని ముప్పయ్యేళ్ల కిందట లాగిన వైర్ల మీద ఇప్పుడు ఆఫీసుకి నాలుగైదు ఏసీలు నడుస్తున్నాయి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ప్రతి అంతస్తు లోడ్ కొలిపించి, ఆ లెక్క మీ చరిత్ర పుస్తకంలో ఎక్కించండి. కమర్షియల్ భవనం ఎత్తు 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉండాలి. దాటకపోయినా మంటార్పే సిలిండర్ల మీద గడువు తేదీ చదవడం మీ పనే.

ఏడాదికోసారి కూర్చోవడం

సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటారు కాబట్టి ఆ సెలవుల్లో ఒక పూట బిల్డింగ్‌కి కేటాయించండి. అద్దె వసూళ్లు, బకాయిలు, పక్కన పెట్టిన సొమ్ము, ఆ ఏడు చేయించిన పనులు, వచ్చే ఏడు చేయించాల్సినవి చదవండి. ఎవరు నడిపిస్తున్నారో వాళ్లకు నెలకింత అని జీతం పెట్టండి. ఊరికే చేస్తున్న అన్నయ్య కొన్నాళ్లకు లెక్క చూపడం మానేస్తాడు, లెక్క అడిగిన తమ్ముడు చెడ్డవాడవుతాడు. జీతం ఉంటే ఇద్దరికీ ఆ ఇబ్బంది తప్పుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న చెల్లి రాలేకపోతే వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. ఆమె తరఫున ఇక్కడ సంతకాలు పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అద్దె వసూలుకూ లీజు సంతకాలకూ మాత్రమే అధికారం ఇవ్వండి, అమ్మే అధికారం అందులో కలపొద్దు. చర్చించినదంతా ఒక పుస్తకంలో తేదీతో రాసి, ఉన్నవాళ్లంతా సంతకం చేసి, ఆ పేజీ ఫొటో దూరాన ఉన్నవాళ్లకు పంపి "సరే" అన్న జవాబు తెప్పించుకుని దాన్ని కూడా ప్రింటు తీసి అంటించండి. ఆ పేజీ పూర్తయ్యాకే ఆ నెల మిగులు పంచండి.